కుక్క వాటా తాలింపుకు ముందే తీయండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా వింజమూరు మండలం. గొర్రెల మందకు కాపలాగా టైగర్ అనే రెండేళ్ల నాటు కుక్క ఉంది. బరువు 18 కిలోల దాకా ఉంటుంది. పోయిన వారం మా ఇంట్లో గృహప్రవేశం జరిగింది. మిగిలిన కోడికూర, చేపల పులుసు అన్నంలో కలిపి రెండు రోజులు పెట్టాం. ఇష్టంగా తింది. నాలుగో రోజు నుంచి తిండి ముట్టడం లేదు. మంద వెంట పోకుండా చెట్టు కిందే పడుకుంటోంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోంది. దిష్టి తగిలిందని కొందరు, వేడి చేసిందని కొందరు అంటున్నారు. మా తాతల కాలం నుంచీ ఇంట్లో మిగిలిందే కుక్కకు పెడుతున్నాం. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఇది చదవగానే టైగర్‌ను పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు. కదల్లేని స్థితిలో ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేసి సాయం అడగండి. బయల్దేరే ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్లు గులాబీ రంగులో తడిగా ఉంటాయి. తెల్లగా పాలిపోయినా, పసుపు పచ్చగా మారినా రక్తం బాగా తగ్గిందనో, రక్తకణాలు పగిలిపోతున్నాయనో అనుమానించాలి. మూత్రం డికాక్షన్ రంగులో ఉందన్నారు కదా, ఎర్ర రక్తకణాలు పగిలి వాటిలోని రంగు మూత్రంలో దిగితే అలాగే కనిపిస్తుంది. దిష్టీ కాదు, వేడీ కాదు.

మీరు చెప్పినదాన్నిబట్టి నా మొదటి అనుమానం కూరలోని ఉల్లిపాయల మీదే. రెండో అనుమానం పిడుదులు. మంద వెంట తిరిగే కుక్కకు పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం రంగు మారుతుంది. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూసి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఉల్లి వల్లా, పిడుదుల వల్లా అన్నది రక్త పరీక్షలోనే తేలుతుంది. దేని చికిత్స దానిదే కాబట్టి పరీక్ష చేయించకుండా మందుల షాపులో ఏదో ఒక ఇంజెక్షన్ కొని వేయించకండి. మనుషులకు వాడే పారాసిటమాల్, నొప్పుల బిళ్లలు అసలే వద్దు. పారాసిటమాల్ కూడా కుక్క ఎర్ర రక్తకణాలనే దెబ్బతీస్తుంది. కాలేయానికీ చేటే. పసర్లు, నూనె, ఉప్పునీళ్లు గొంతులో పోయొద్దు. నీరసంగా ఉన్న కుక్క మింగలేక అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

ఇక ఉల్లి సంగతి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధక పదార్థాలు మనకేమీ చేయవు. కుక్క ఒంట్లో మాత్రం ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. ఈ పని ఒక్క పూటలో కనపడదు. తిన్న మూడు నాలుగు రోజులకు చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, మూత్రం రంగు మారడం మొదలవుతాయి. అందుకే చాలామంది ఆ తిండికీ ఈ జబ్బుకూ లంకె పెట్టుకోరు. ఒకేసారి తన బరువులో అర శాతం మించి ఉల్లి తింటే ప్రమాదమే. అంటే 18 కిలోల టైగర్‌కు 90 గ్రాములు, ఒక మోస్తరు ఉల్లిపాయంత. ఫంక్షన్ వంటలో ఉల్లిని కిలోల లెక్కన వేయించి, మెత్తగా రుబ్బి గ్రేవీ చేస్తారు. ముక్క కనిపించదు గానీ, అన్నం మీద పోసిన ప్రతి గరిటెలోనూ ఉంటుంది. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా దాని చెడు పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటు, తక్కువ మోతాదులోనే హాని చేస్తుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి, అవసరమైతే వేరే కుక్క రక్తం ఎక్కించి కాపాడుకోవాలి. వేళకు తీసుకెళ్తే చాలా కుక్కలు కోలుకుంటాయి, అందుకే ఇంత తొందర పెడుతున్నాను.

మన చేపల పులుసు గురించి వేరే చెప్పాలి. మనకు ఎంత ప్రీతో, కుక్కకు అంత చేటు. అందులో ఉల్లి ఉంది, ఉప్పూ కారం ఉన్నాయి, ముళ్లున్నాయి, అన్నిటికీ మించి చిక్కటి చింతపండు పులుసు ఉంది. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కొన్ని కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయని పశువైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అందుకు టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు చెప్పారు. ఆ ఆమ్లం చింతపండులో ద్రాక్షలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే టైగర్ రక్తం పరీక్షించేటప్పుడు కిడ్నీల పరీక్ష కూడా చేయమని అడగండి. పులుసన్నం, పులిహోర, రసం ఇక మీదట దాని గిన్నెలోకి రానివ్వకండి. పాయసంలో కిస్మిస్ ఉంటే అదీ వద్దు.

ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. వేట మాంసం కొవ్వు, నెయ్యి కారే స్వీట్లు ఒకేసారి ఎక్కువ పెడితే క్లోమం వాచి, వాంతులతో కుక్క మెలికలు తిరిగిపోతుంది. పిల్లలు ముద్దుగా పెట్టే చాక్లెట్, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ కూడా విషాలే. ఆ గమ్‌లో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు.

తాతల కాలం మాట అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఆ రోజుల్లో కుక్కకు దక్కింది ఎక్కువగా సంగటి, గంజి, మజ్జిగ. మసాలా కూర పండక్కో, పబ్బానికో. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు గ్రేవీ కూరలే. పైగా అప్పుడు కుక్క చనిపోతే ఎందుకు పోయిందని పరీక్ష చేయించినవాళ్లు ఎవరు?

ఇంటి తిండి మానేసి ప్యాకెట్ తిండి కొనమని నేను చెప్పను. వంట చేసేటప్పుడు ఉప్పు, కారం, ఉల్లి, తాలింపు పడకముందే కుక్క వాటా తీసి పక్కన పెట్టండి, చాలు. రాగి సంగటి గానీ అన్నం గానీ పెట్టి, అందులో ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన కోడి మాంసమో, ముళ్లు ఏరిన చేపో కలపండి. ఉడికించిన గుమ్మడి, క్యారెట్ కొంచెం వేయొచ్చు. ఉప్పు లేని పెరుగు పడుతుంది. పాలు కొన్ని కుక్కలకు అరగక విరేచనాలవుతాయి, మీ టైగర్‌కు పడుతున్నాయో లేదో చూసుకుని పెట్టండి. వట్టి పెరుగన్నంతో మాత్రం కాపలా కుక్కకు బలం చాలదు.

మీరు అడగకపోయినా, మందలున్న రైతు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. గొర్రెను కోసినప్పుడు తలకాయ, ఊపిరితిత్తులు, నీటి బుడగలున్న కాలేయం పచ్చిగా కుక్కకు విసరడం మన పల్లెల్లో మామూలే. ఆ బుడగల్లోని పిల్ల పురుగులు కుక్క పేగుల్లో బద్దె పురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో పడి గడ్డితోపాటు గొర్రెల కడుపులోకి పోతాయి. తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే గొర్రెను మీరు చూసే ఉంటారు. చాలాసార్లు దాని మెదడులో పెరిగిన బుడగే అందుకు కారణం. ఇంకో రకం గుడ్లు కుక్క వెంట్రుకలకు అంటుకుని, దాన్ని నిమిరిన పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతే, మనిషి కాలేయంలోనే నీటి తిత్తులు పెరుగుతాయి. అవి బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది. అలాంటి భాగాలను కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చండి. టైగర్ కోలుకున్నాక, డాక్టరు సరేనన్నప్పుడు, బరువు తూచి ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు వేయించండి. ఆ తర్వాత మూడు నెలలు దాటనివ్వకుండా వేయిస్తూ ఉండండి. మీ మంద పక్కన మేపుకునే వాళ్ల కుక్కలకు కూడా అదే రోజు వేయిస్తే ఇంకా మంచిది.