పది గెడలు ముందుకి, ఒక గెడ వెనక్కి

డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. రెండు సంఖ్యల గ.సా.భా.ని, అంటే ఆ రెంటినీ శేషం లేకుండా భాగించే అన్నిటికన్నా పెద్ద సంఖ్యని, ఆ సంఖ్యల గుణిజాల కూడికగానో తీసివేతగానో ఎప్పుడూ రాయొచ్చని పుస్తకంలో ఉందట. భాగహారాలు చేసుకుంటూ కిందికి దిగడం బాగానే ఉందట, వెనక్కి ప్రతిక్షేపించుకుంటూ పైకి ఎక్కేటప్పుడు బుర్ర తిరిగిపోతోందట. సులువు దారి ఏమైనా ఉందా, అసలు ఇది ఎవరికైనా పనికొచ్చిందా అని అడిగాడు.

పనికొచ్చింది బాబూ. మా తాతయ్యకి, గోదారి మధ్య లంకలో, మోకాలి లోతు ఒండ్రులో.

నేను మాస్టారిని కాను. బీఎస్సీ లెక్కలు చదివి, కోనసీమలో ఎరువుల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. కాబట్టి నిర్వచనాలు మీ పుస్తకంలోనే చూసుకోండి. మా రోజుల్లో దీన్ని గ.సా.కా. అనేవాళ్లం, ఇప్పుడు గ.సా.భా. అంటున్నారు. పేరు ఎందుకు మార్చారో తెలీదు గానీ, మా అమ్మాయికి చెప్పేటప్పుడు నోట్లోంచి ఇప్పటికీ గ.సా.కా. అనే వస్తుంది, అది నవ్వుతుంది.

1986 ఆగస్టు. నేను ఏడో తరగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన వరద అది. మా వైపు పెద్దవాళ్లు ఏ సంగతి చెప్పినా "ఎనభైయారు వరదకి ముందు", "ఆ తర్వాత" అని రెండు ముక్కలు చేసే చెబుతారు. నీళ్లు తీశాక పడవ మీద లంకలోకి వెళ్లి చూస్తే పొలం ఉంది, గట్లు లేవు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఒండ్రు, ఆరబెట్టిన అప్పడంలా పగుళ్లు. తాతయ్య వాటా ఎక్కడ ఆగుతుందో, ఆయన తమ్ముడు చిన్న తాతయ్య వాటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. మిగిలింది మూలనున్న తాటిచెట్టు ఒక్కటే. కాయితం ప్రకారం ఆ చెట్టు నుంచి మా వాటా వెడల్పు 139 అడుగులు.

సర్వేయరు కోసం అర్జీ పెట్టారు. వరదలో ఊళ్లన్నీ అర్జీలు పెట్టాయి కాబట్టి మా వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఈలోగా విత్తనం వేయాలి. టేపు లేదు, గజంబద్ద వరదపాలు. ఉన్నవల్లా పడవ నడిపే వెదురు గెడలు రెండు. పెద్దది 15 అడుగులు. చిన్నది చిన్న తాతయ్యది, 12 అడుగులుండేది, వరదలో చివర విరిగిపోయింది. నా జామెట్రీ బాక్సులో ఆరంగుళాల స్కేలుతో 22 సార్లు కొలిస్తే సరిగ్గా 11 అడుగులు తేలింది.

"ఈ స్కేలుతోనే మొత్తం పొలం కొలిచెయ్యొచ్చుగా తాతయ్యా" అన్నాను తెలివిగా. 278 సార్లు పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ ఒక నూలు తేడా వచ్చినా చివరికి ఎక్కడో తేలతాం. తాతయ్య ఇదంతా చెప్పలేదు, ఒక మొట్టికాయ వేసి ఊరుకున్నాడు.

మా అరుగు గదిలో అద్దెకుండే లెక్కల మాస్టారు కూడా ఆ రోజు మాతో లంకకి వచ్చారు. ఆయన వరద చూడ్డానికి వచ్చారు, తీరా అక్కడ గొడవ ఒక్క అడుగు దగ్గర నడుస్తోంది. చిన్న తాతయ్య అంగలేసి చూసి "138 దగ్గర గట్టు వేసెయ్యి అన్నయ్యా, ఒక్కడుగు ఏముంది" అంటాడు. పొలం పొడవు 600 అడుగులు. ఒక్కడుగంటే సెంటు పైనే, లంక నేలలో. తాతయ్య ఎందుకు ఊరుకుంటాడు?

మాస్టారు లుంగీ ఎగ్గట్టి, ఒండ్రు మీద పుల్లతో గీయడం మొదలెట్టారు. ముందు రెండు గెడల్నీ పక్కపక్కన పడుకోబెట్టించారు. పెద్దదాంట్లోంచి చిన్నది పోతే 4 అడుగులు మిగిలింది. 11లోంచి ఆ 4 రెండుసార్లు పోతే 3. ఆ 4లోంచి 3 పోతే 1. "ఇదిగోనయ్యా, ఒక్కడుగు దొరికింది" అన్నారు. పాతకాలపు గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడ్ చేసిన పని ఇదే. మన పుస్తకంలో భాగహారం గుర్తు పెట్టి రాస్తారు గానీ, దాని అసలు రూపం రెండు గెడలు పక్కపక్కన పడుకోవడమే.

బాబూ, నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మాస్టారు వెనక్కి ప్రతిక్షేపించలేదు. దిగుతున్నప్పుడే ఖాతా రాసుకుంటూ వెళ్లారు. ప్రతి మిగులు పక్కనా, అది ఎన్ని పెద్ద గెడలు, ఎన్ని చిన్న గెడలు అని. 4 అంటే ఒక పెద్దది ముందుకి, ఒక చిన్నది వెనక్కి. 3 అంటే 11లోంచి రెండు 4లు తీశాం కదా, అంటే పెద్దవి రెండు వెనక్కి, చిన్నవి మూడు ముందుకి. సరిచూసుకో: 33లోంచి 30 పోతే 3. ఇక 1 అంటే 4లోంచి 3 పోయింది కాబట్టి, పెద్దవి మూడు ముందుకి, చిన్నవి నాలుగు వెనక్కి. 45లోంచి 44. అయిపోయింది. మళ్లీ పైకి ఎక్కడం, బ్రాకెట్లు విప్పడం, గుర్తు మార్చడం మర్చిపోవడం ఏమీ లేవు. ఏ మిగులు దగ్గరైనా ఖాతా సరిపోయిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. పెద్ద పెద్ద కాలేజీల్లో వెనక్కి ఎక్కే పద్ధతే ఎందుకు బట్టీ కొట్టిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా చూడ్డానికి కష్టంగా ఉంటే ఫీజుకి న్యాయం జరిగినట్టుంటుందేమో.

ఎప్పుడూ ఎందుకు కుదురుతుందంటావా, అదీ ఇందులోనే ఉంది. ప్రతి మిగులూ మన రెండు గెడలతో నడిచిన నడకే. చివరి మిగులు గ.సా.భా. కాబట్టి, అదీ నడకే అవుతుంది.

సరే, లంకలోకి వద్దాం. ఒక్కడుగు దొరికింది, కావలసింది 139. మాస్టారు ధీమాగా ఆ నడకనే 139తో హెచ్చవేశారు. "పెద్ద గెడ 417 సార్లు ముందుకి వెయ్యాలి, చిన్న గెడ 556 సార్లు వెనక్కి రావాలి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లం అలా చూస్తూ ఉండిపోయాం. 417 పెద్ద గెడలంటే మైలు పైనే. తాతయ్య తలపాగా తీసి దులుపుతూ, "ఆయ్, బాగానే ఉందండి మాస్టారూ. ముందు గోదారి దాటి అవతలి ఊళ్లో దిగాలి, అక్కణ్ణించి వెనక్కి నడుచుకుంటూ రావాలి. పడవ కట్టించమంటారా?" అన్నాడు.

మాస్టారు నవ్వలేదు. "ఆగండి" అని మళ్లీ పుల్ల తీసుకున్నారు. 11 పెద్ద గెడలూ, 15 చిన్న గెడలూ ఒకటే దూరం, రెండూ 165 అడుగులు. కాబట్టి ముందుకి వేసే పెద్దవాటిలో 11 తగ్గించి, వెనక్కి వచ్చే చిన్నవాటిలో 15 తగ్గిస్తే చేరే చోటు మారదు. ఇలా 37 సార్లు తగ్గించారు. 417లో 407 పోయి 10 మిగిలాయి. 556లో 555 పోయి 1 మిగిలింది. పది పెద్ద గెడలు ముందుకి, ఒక చిన్న గెడ వెనక్కి. 150లోంచి 11 పోతే 139.

"అదేనండి, నేను ఇందాకే అనుకున్నాను" అన్నాడు తాతయ్య. నిజంగా అనుకున్నాడా, లేక అప్పుడు అన్నాడా అనేది మా ఇంట్లో నలభై ఏళ్లుగా తేలని విషయం. నా మట్టుకి నేను, అనుకున్నాడనే అంటాను. గోదారి పాయల పక్కన పుట్టినవాళ్లకి రుణ సంఖ్యలు ఎవరూ నేర్పక్కర్లేదని నా నమ్మకం. పోటు వస్తే నీళ్లు వెనక్కి నడుస్తాయి, పాటుకి మళ్లీ ముందుకి. వెనక్కి నడవడం కూడా లెక్కలోకే వస్తుందని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. మెట్ట ప్రాంతం వాళ్లు కోపగించుకోవద్దు.

ఇందులో ఇంకో తమాషా ఉంది, ఇది నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. వెనక్కి రాకుండా, ముందుకి మాత్రమే వేస్తూ 15, 11 అడుగుల గెడలతో కొలవలేని దూరాల్లో అన్నిటికన్నా పెద్దది ఎంతో తెలుసా? సరిగ్గా 139. రెండు సంఖ్యల్నీ హెచ్చవేసి, అందులోంచి రెంటినీ తీసేస్తే వస్తుంది: 165లోంచి 26. అక్కణ్ణించి 140, 141, 142, ఏదైనా ముందుకి వేస్తూనే కొలవొచ్చు. 140 అంటే రెండు పెద్దవి, పది చిన్నవి. మా ముత్తాత పొలాన్ని సరిగ్గా ఆ ఒక్క అడుగు దగ్గర ఎలా పంచాడో దేవుడికే తెలియాలి.

అంతకన్నా తమాషా, ఆ చిన్న గెడ విరగకపోయి ఉంటే మేం ఓడిపోయేవాళ్లం. 15, 12 రెండూ మూడు చేత పోతాయి. ముందుకి ఎన్ని వేసినా, వెనక్కి ఎన్ని వచ్చినా మూడో ఎక్కం దాటలేం. 138 అయినా రావాలి, 141 అయినా రావాలి, 139 ఛస్తే రాదు. మాస్టారు ఇది చెప్పగానే చిన్న తాతయ్య విరిగిన గెడ వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. తన గెడే తనకి ద్రోహం చేసింది మరి.

ఇక గ.సా.భా.ని ఇలా రాయొచ్చనే ఈ మాటని పుస్తకాల్లో బెజూ పేరుతో పిలవడం గురించి నాకో బాధ ఉంది. ఆ ఫ్రెంచాయన 1779లో బహుపదుల మీద పనిచేశాడు. మామూలు సంఖ్యలకి దీన్ని అంతకుముందే, 1624లో, బాషే అనే ఇంకో ఫ్రెంచాయన చూపించాడు. వాళ్లిద్దరికీ వెయ్యేళ్ల ముందే, 499లో ఆర్యభటుడు కుట్టకం చెప్పాడు. ఒక సంఖ్యని ఒకదానితో భాగిస్తే ఇంత శేషం, మరొకదానితో భాగిస్తే అంత శేషం, ఆ సంఖ్య ఏదని అడిగే లెక్కకి దారి అది. కుట్టనం అంటే సంస్కృతంలో దంచడం. పెద్ద అంకెల్ని రోట్లో వేసి దంచి దంచి నూక చేయడమన్నమాట. తర్వాతివాళ్లు భాగఫలాల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి దానికి వల్లి, అంటే తీగ, అని పేరు పెట్టారు. మా గెడలకైతే 1, 2, 1, 3 అని చిన్న తీగ వస్తుంది. ఇంత చక్కని మాటలు మనకుండగా పిల్లలు బెజూ స్పెల్లింగు దగ్గర మార్కులు పోగొట్టుకుంటున్నారు.

మార్కులంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి చదువుకునేటప్పుడు ఒక పరీక్షలో అచ్చం ఇవే అంకెలు పడ్డాయి. అది −8, 11 అని రాసింది. పెద్ద గెడలు ఎనిమిది వెనక్కి, చిన్నవి పదకొండు ముందుకి, 121లోంచి 120 పోతే 1. ఒప్పే కదా? జవాబుల కాయితంలో 3, −4 ఉందని సున్నా వేశారు. ఇలాంటి జతలు లెక్కలేనన్ని ఉంటాయి, ఏదైనా ఒప్పే. నేను వెళ్లి గెడల కథ మొదలెట్టేసరికి దిద్దినాయన వాచీ చూసుకున్నాడు. మార్కులు ఇవ్వలేదు. అందుకని బాబూ, నీకు ఏ జత వచ్చినా సరే, చివర్లో సరిచూపి రాయి, పేపరు దిద్దేవాళ్ల ఓపిక మీద ఆధారపడకు.

అదే అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. దాని రంగంలో రహస్య తాళాల లెక్క ఒకటి ఉందట, 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టింది. తాళం తయారుచేసేవాళ్లు, వేసే అంకె నుంచి తీసే అంకె పట్టుకోవడానికి వాడేది మా మాస్టారి ఖాతానే. చిన్న ఉదాహరణ చెప్పింది: తాళం చేసినవాళ్లు రహస్యంగా దాచుకునే 3120, తాళం వేసే 17 తీసుకుంటే, 17ని 2753 సార్లు ముందుకి వేసి, 3120ని 15 సార్లు వెనక్కి వస్తే 1 మిగులుతుంది. హెచ్చవేసి చూశాను, 46801లోంచి 46800, నిజమే. 17 తాళం వేస్తే, 2753 తీస్తుంది. నిజం తాళాల్లో అంకెలు వందల స్థానాలు ఉంటాయట, అయినా ఖాతా క్షణంలో తేలుతుందట.

నీ ప్రశ్నకి జవాబు ఇచ్చేశాననే అనుకుంటున్నాను. గట్టు సంగతి చెప్పలేదు కదూ. ఆ సాయంత్రం పది గెడలు వేసి, ఒక గెడ వెనక్కి వచ్చి, అక్కడ రాయి పాతాం. 2022 జూలై వరదకి ఆ రాయి మళ్లీ ఒండ్రులోకి పోయింది. ఈసారి సర్వేయరు వచ్చాడు, ఏదో మిషను పెట్టి చూసి, రాయి చెట్టు నుంచి 138 అడుగుల 8 అంగుళాల దగ్గర ఉందన్నాడు. ఆ నాలుగంగుళాలు మా తమ్ముడు అడిగాడు. చిన్న తాతయ్య మనవడు అప్పట్నించీ మా గుమ్మం తొక్కలేదు.