గూడ్సు బండి టక్కున ఆగుతోందంటే ఎక్కడో తేడా ఉంది

ప్రశ్న: అన్నా, నేను రేణిగుంటలో డిగ్రీ చదువుతున్నా. ల్యాప్‌టాప్‌లో ఓపెన్ రైల్స్ అనే రైలు నడిపే గేమ్ వేసుకుని, కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు రేక్‌ని (వ్యాగన్ల వరసని) వెంకటాచలం, గూడూరు, శ్రీకాళహస్తి మీదుగా మా ఊరికి తెచ్చే రన్ తయారు చేసుకున్నా. స్టేషన్లు, చెట్లు బాగా కుదిరాయి. కానీ నడుపుతుంటే గూడ్సు నడుపుతున్నట్టే లేదు. లోడ్ బండైనా ఖాళీ బండైనా ఒకేలా కదులుతుంది, బ్రేక్ వేస్తే టక్కున ఆగుతుంది. ఏం చేయాలి?
— ఒక విద్యార్థి, రేణిగుంట

జవాబు: తమ్ముడూ, రూట్‌ని కాసేపు పక్కన పెట్టి వ్యాగన్ల సంగతి చూడు. నువ్వు చెప్పినదాన్ని బట్టి వ్యాగన్ పైన బొగ్గు కనిపిస్తోంది కానీ ఫైల్‌లో ఖాళీ వ్యాగన్ బరువే ఉన్నట్టుంది. ఆ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘మాస్’ అని ఉన్న చోట చూడు. బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని బొగ్గు వ్యాగన్ ఖాళీగా సుమారు 22.5 టన్నులు, నిండితే 81.28 టన్నులు. అంటే 58 వ్యాగన్ల రేక్ ఖాళీగా 1,300 టన్నులు, బొగ్గుతో 4,700 టన్నులు! ఇంత తేడా ఉన్న రెండు బళ్లు ఒకేలా కదిలే ప్రసక్తే లేదు. అందుకని ఒకే వ్యాగన్‌కి ఖాళీది, లోడ్‌ది అని రెండు ఫైళ్లు చేసుకో, బరువుతో పాటు బ్రేక్ ఫోర్స్ కూడా వేరువేరుగా పెట్టు. అసలు బాక్స్‌ఎన్‌కి పక్కన ఎంప్టీ–లోడ్ హ్యాండిల్ ఉండేది ఇందుకే, ఖాళీ వ్యాగన్‌కి నిండు వ్యాగన్ బ్రేకు పడితే చక్రాలు పట్టేసి జారతాయి.

ఇక బ్రేకు. అసలు మజా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. బ్రేక్ పైపులో 5 కిలోల ప్రెజర్ ఉంటుంది, దాన్ని తగ్గిస్తే బ్రేకు పడుతుంది. ఆ తగ్గడం ఇంజన్ దగ్గర మొదలై, ఆరు వందల మీటర్లకు పైగా పాకి చివరి వ్యాగన్‌ని చేరాలి, ఈలోపు ముందున్నవి ఆగబోతుంటే వెనకున్నవి వచ్చి నెడతాయి. కాబట్టి ఒక్కసారిగా లాగెయ్యకు. ముందు అర కిలో తగ్గించు, బండి సర్దుకునేదాకా ఆగు, చాలకపోతే ఇంకొంచెం. వదిలేటప్పుడూ ఇదే వరస. ముందు వ్యాగన్లు వదిలినా తోకకి బ్రేకు ఇంకా పట్టే ఉంటుంది, తొందరపడి నాచ్‌లు (ఇంజన్ పవర్ మెట్లు) పెంచావంటే మధ్యలో వ్యాగన్లని కలిపే కప్లింగ్ తెగుతుంది. ఆప్షన్స్‌లో కప్లర్లు తెగే టిక్ ఒకటుంది, అది పెట్టుకునే నడుపు. ‘గ్రాడ్యుయేటెడ్ రిలీజ్’ టిక్ కూడా పెట్టు. మన వ్యాగన్ల బ్రేకు కొంచెం కొంచెంగా వదిలే రకం, అమెరికా గూడ్సుల్లా వదిలితే మొత్తం వదిలేసేది కాదు.

ఇంకొకటి, గూడ్సు రన్ అంటే సగం ఎదురుచూపే. నారాయణాద్రి, పద్మావతి తిరుపతికి వచ్చే వేళ చూసుకుని నీ రన్ పెట్టుకో, వాటికి దారివ్వడానికి వెంకటగిరిలోనో ఏర్పేడులోనో నిన్ను లూప్‌లోకి (మెయిన్ లైన్ పక్కన ఆగే లైన్‌లోకి) తీసుకునేలా సిగ్నల్ పెట్టు. లూప్ పొడవు 686 మీటర్లు పెట్టు, మన రైల్వేలో మామూలుగా పాటించే కొలత అదే. 58 బాక్స్‌ఎన్‌లే 621 మీటర్లు, రెండు వ్యాగ్-9 ఇంజన్లు, బ్రేక్ వ్యాన్ కలిపితే నీకు మిగిలేది పది పదిహేను మీటర్లు. ముందు స్టార్టర్ సిగ్నల్ (స్టేషన్ నుంచి బయల్దేరనిచ్చే సిగ్నల్) దాటకూడదు, వెనక తోక మెయిన్ లైన్‌కి అడ్డం ఉండకూడదు. 4,700 టన్నులతో ఆ జాగాలో బండి నిలబెట్టి చూడు, ఆ టెన్షన్ ముందు ఎంత అందమైన సీనరీ అయినా దిగదుడుపే.

ప్రశ్న: అయ్యా, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా మనవడు రైలు గేమ్ కోసం ఓబులవారిపల్లె–కృష్ణపట్నం లైన్ కంప్యూటర్‌లో గీస్తున్నాడు. శాటిలైట్ ఎత్తులు తీసుకుంటే పట్టాలు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి, టన్నెల్ దగ్గరైతే లైన్ కొండెక్కేస్తోంది. దారి ఉందా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఉందండీ. మీ మనవడు మంచి లైన్ ఎంచుకున్నాడు. పోర్టు సరుకు గూడూరు, రేణిగుంట చుట్టు తిరగకుండా వెలిగొండల కిందుగా నేరుగా పోవడానికే దాన్ని వేశారు. చెర్లోపల్లి–రాపూరు మధ్య 6.7 కిలోమీటర్ల టన్నెల్‌ని 2019లో ప్రారంభించారు.

ఆ ఎత్తుల లెక్కలు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచినవి అయ్యుంటాయి. ముప్ఫై మీటర్లకొక పాయింట్ వస్తుంది, ఒక్కోచోట నేల బదులు చెట్ల తలలే కొలతకొస్తాయి. ముప్ఫై మీటర్లలో మూడు మీటర్లు తేడా వచ్చిందంటే 1 కి 10 వాలు! ముంబై–పుణె దారిలో కొండెక్కే భోర్ ఘాట్‌లోనే 1 కి 37, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నేలను బట్టి పట్టాలు వేయొద్దనండి, ముందు పట్టాలు సరైన వాలులో వేసి ఆ తర్వాత నేలను పట్టాల దాకా తేవాలి. టన్నెల్ లోపలి ఎత్తు ఏ శాటిలైటూ చెప్పలేదు, రెండు ముఖద్వారాల ఎత్తులు తీసుకుని మధ్యలో కలపడమే.

ఇక్కడ మీ అనుభవం పనికొస్తుంది. పట్టాల పక్కనుండే, వాలు ఎంతో చెప్పే గ్రేడియంట్ పోస్టులు పిల్లవాడికి అర్థం కావు, మీకు చూడగానే తెలుస్తాయి. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని వీడియో తీయించి, ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి రాసుకోండి. లైన్ వెంట నడిచి మాత్రం వద్దు.

ప్రశ్న: గేమ్‌లో సముద్రం కనిపిస్తుండగా గూడ్సు నడపాలని ఆశ. మన తీరంలో అలాంటి లైన్ ఏది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పేరుకి కోస్తా లైనే గానీ గూడూరు–చెన్నై దారిలో అలలు మీ కిటికీ దాకా రావండీ. అలలే కావాలంటే ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్ అనే ఇంకో గేమ్‌లో అమెరికాలోని పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రూట్ తీసుకోండి. అది లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ డియేగో దాకా, శాన్ క్లెమెంటే దగ్గర పట్టాలకి ఆనుకునే ఇసుక ఉంటుంది, బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే అక్కడి రైల్వే కంపెనీ గూడ్సులు నిజంగానే ఆ దారిన తిరుగుతాయి. పైన తమ్ముడికి చెప్పిన బ్రేకు తేడా మాత్రం గుర్తుంచుకోండి, అక్కడ కొంచెం వదులుదాం అనుకుంటే మొత్తం వదిలేస్తుంది. శాన్ డియేగో ముందు మిరామార్ గుట్ట బాగా వాలు, దిగడం మొదలవకముందే స్పీడు తగ్గించుకోండి.