మారథాన్ రికార్డుల్లో బూట్ల వాటా ఎంత?

ప్రశ్న: కొన్నేళ్లుగా మారథాన్ రికార్డులు వరుసగా బద్దలవుతున్నాయి. ఇదంతా కార్బన్ ప్లేటు బూట్ల మహిమేనని మా రన్నింగ్ గ్రూపులో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బూట్ల వాటా ఉంది, అది చిన్నదేమీ కాదు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండన్‌లో నెలకొల్పిన 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల మహిళల ప్రపంచ రికార్డు పదహారేళ్లపాటు ఎవరికీ అందలేదు. 2019లో చికాగోలో కెన్యా రన్నర్ బ్రిజిడ్ కోస్‌గెయ్ కొత్త తరం బూట్లు (మందపాటి ఫోమ్ సోల్ లోపల గట్టి కార్బన్ పలక, అంటే ప్లేటు, ఉండేవి) తొడుక్కుని పరుగెత్తి, దాన్ని ఏకంగా 81 సెకన్లు తగ్గించారు.

అయితే పేరంతా ప్లేటుకు వచ్చింది గానీ, అసలు పని చేసేది ఎక్కువగా ఫోమే. ఆ బూటు సోల్‌ను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగి, వేలు తీయగానే పైకి లేస్తుంది. అడుగు మోపినప్పుడు నేలపాలయ్యే శక్తిలో చాలా భాగాన్ని అది అదే విధంగా కాలికి తిరిగి ఇస్తుంది. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చినప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 మందిని పరుగెత్తించి చూడగా, అప్పటి మేటి బూట్లతో పోలిస్తే అదే వేగానికి సగటున 4 శాతం తక్కువ శక్తి ఖర్చయింది. తర్వాత జరిగిన మరో పరిశోధనలో ప్లేటును అడ్డంగా కోసి పరుగెత్తించినా ఆ పొదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మీ మిత్రులు పొరబడుతున్నది ఇక్కడే అనుకుంటాను. శక్తిలో 4 శాతం ఆదా అయితే సమయం కూడా 4 శాతం తగ్గదు, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుంటూ పోవడానికే మరింత శక్తి కావాలి. ఈ బూట్లు రాకముందు, 2014లో బెర్లిన్‌లో డెన్నిస్ కిమెట్టో నెలకొల్పిన పురుషుల ప్రపంచ రికార్డు 2:02:57. అందులో 4 శాతమంటే దాదాపు 5 నిమిషాలు. కానీ 2023లో కెల్విన్ కిప్టుమ్ చికాగోలో 2:00:35కు చేరినప్పుడు తగ్గింది 2 నిమిషాల 22 సెకన్లే. అందులోనూ ముందు పరుగెత్తుతూ వేగాన్ని నిలబెట్టే పేసర్లకు, దారిలో తాగే కార్బోహైడ్రేట్ పానీయాలకు, శిక్షణకు తమ వంతు ఉంది. పైగా మేటి కెన్యా రన్నర్లపై చేసిన పరీక్షలో ఈ బూట్లు కొందరికి బాగా కలిసిరాగా, కొందరికి శక్తి ఖర్చు పెరిగింది.

2020లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య అయిన వరల్డ్ అథ్లెటిక్స్ సోల్ మందాన్ని 40 మిల్లీమీటర్లకు, ప్లేటును ఒక్కదానికి పరిమితం చేసింది. ఇప్పుడు ముందువరుసలో పరుగెత్తేవారందరికీ దాదాపు ఇలాంటి బూట్లే ఉన్నాయి కాబట్టి, ఒకే పోటీలో గెలిచినవారి ఘనతను బూట్లకు కట్టబెట్టడం సరికాదు. పాత తరానికి మాత్రం అన్యాయం జరుగుతోంది. పలుచటి సోల్‌తో రాడ్‌క్లిఫ్ సాధించిన సమయాన్ని నేటి సమయాల పక్కన పెట్టి చిన్నబుచ్చకూడదు. రికార్డుల పట్టికలో 2017 దగ్గర ఒక గీత గీయాలని నేను గట్టిగా కోరుకుంటాను.