ఆన్‌లైన్ డైటెటిక్స్ శిక్షణ: త్రాసు దగ్గర పెట్టుకోండి

ప్రశ్న: బీఎస్సీ న్యూట్రిషన్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ సగం ఆన్‌లైనే. పేషెంటు నిన్న ఏం తిన్నారో అడిగి క్యాలరీలు లెక్కకట్టే డైట్ రీకాల్ కూడా వీడియో కాల్‌లోనే చేయిస్తున్నారు. ఇలా నేర్చుకుంటే పని వస్తుందా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: వస్తుంది. ఆసుపత్రిలో పేషెంటు చెప్పింది రాసుకోవడమే, సరిచూసుకునే వీలుండదు. ఇంట్లో ఆ వీలుంది, వాడుకోండి. మీ తోటి విద్యార్థిని ఒకరోజు తిన్నదంతా వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, గ్రాముల్లో రాసి దాచిపెట్టాలి. మర్నాడు మీరు వీడియోలో అడిగి రాసుకోండి. ఆ తర్వాతే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి.

ముందు గుర్తొచ్చినవన్నీ అడ్డు తగలకుండా చెప్పనివ్వండి. తర్వాత జారిపోయేవి ఒక్కొక్కటీ అడగండి: టీలో చక్కెర, కారప్పొడిలో నూనె, నెయ్యి, మజ్జిగ, సాయంత్రం జంతికలు. ఆపైన ఏ వేళకు ఏది, ఎంత. చివర మొత్తం చదివి వినిపించండి. ‘టిఫిన్ ఏం తిన్నారు?’ అంటే తినని మనిషి కూడా మొహమాటానికి ఇడ్లీ అనేస్తారు. ‘లేచాక మొదట ఏం తీసుకున్నారు?’ అనండి. ‘అన్నం కొంచెమే’ అంటే అక్కడ ఆగిపోకండి. వాళ్లింటి గరిటె తెప్పించి చూపించమనండి. ఎన్ని గరిటెలు, అంచు వరకా, కుప్పగానా? ఫోను కంచానికి నిట్టనిలువుగా పైనుంచి పడితే కుప్ప ఎత్తు తెలియదు, ఏటవాలుగా పట్టించండి.

ఇంత చేసినా లెక్క బోర్లాపడేది అన్నం దగ్గరే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన ఆహార పోషక విలువల పట్టికల్లో 528 ఆహారాలున్నాయి. బియ్యం విలువలు వండని బియ్యానివి, 100 గ్రాములకు. శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది, 4.184తో భాగిస్తేనే కిలోక్యాలరీలు. తెల్ల బియ్యం 1491 కిలోజౌళ్లు, అంటే 356 కిలోక్యాలరీలు. మీ ఇంట్లో 100 గ్రాముల బియ్యం వండి అన్నం తూచండి. 280 గ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు 210 గ్రాముల అన్నమంటే 75 గ్రాముల బియ్యం, 267 కిలోక్యాలరీలు. అన్నం బరువునే నేరుగా పట్టికలో వేస్తే 748 వస్తుంది! నీళ్లు ఎక్కువ పోసే ఇంట్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. నూనెకు మాత్రం సీసాను వంటకు ముందూ తర్వాతా తూస్తే చాలు.

పాదం వాపు నొక్కి చూడటం, దండ కండరం కరిగిందో లేదో పట్టి చూడటం తెర మీద రావు. వార్డు రోజులను వాటికి దాచుకోండి.

ప్రశ్న: మింగడం కష్టమైనవాళ్లకిచ్చే చిక్కటి ద్రవాలు ఇంట్లో పరీక్షించి నేర్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నేర్చుకోవచ్చు. సూది లేని 10 మి.లీ. సిరంజి తీసుకోండి. దాని మీద 0 నుంచి 10 గీత వరకు 61.5 మి.మీ. ఉందో లేదో స్కేలుతో చూడండి, లేకపోతే ఫలితం తప్పుతుంది. ప్లంజర్ తీసేసి, మొనను వేలితో మూసి, 10 మి.లీ. పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. మింగడం కష్టమైనవాళ్ల ఆహారం, ద్రవాల చిక్కదనానికి అంతర్జాతీయంగా వాడే కొలమానం ఐడీడీఎస్ఐ. 1 మి.లీ. లోపు మిగిలితే అందులో 0 స్థాయి, అంటే పలుచన. 1–4 మిగిలితే 1, 4–8 అయితే 2, 8 దాటితే 3, అసలు కారకపోతే 4. మజ్జిగతో మొదలెట్టి రాగిజావకు వెళ్లండి. ఉండలుంటే మొన మూసుకుపోయి ఉన్నదానికన్నా చిక్కగా కనిపిస్తుంది, వడకట్టండి. జావ వేడిమీద ఒక స్థాయి చూపి, చల్లారాక ఇంకోటి చూపుతుంది. తాగించే వేడిలోనే పరీక్షించండి.