లేత గీత కూడా గీతే

ప్రశ్న: డిప్లొమా చదివే మా అబ్బాయి గంజాయి తాగుతున్నాడేమోనని మందుల షాపు నుంచి మూత్రం పరీక్ష స్ట్రిప్ తెచ్చాం. ‘టి’ దగ్గర గీత లేతగా పడింది. అలవాటైనట్టేనా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: కాదమ్మా, అది నెగటివ్. గర్భం పరీక్షకు ఇది తలకిందులు. మూత్రంలో గంజాయి అవశేషం లేకపోతే స్ట్రిప్‌లోని రంగు యాంటీబాడీలు ‘టి’ దగ్గర అంటుకుని గీతవుతాయి. ఉంటే ఆ అవశేషమే వాటిని ముందు పట్టేస్తుంది, గీత పడదు. లేతగా పడినా గీతే. స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపే ‘సి’ గీత రాకపోతే మాత్రం ఆ పరీక్ష చెల్లదు.

సాధారణంగా దొరికే స్ట్రిప్ మూత్రంలో ఆ అవశేషం మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు దాటితేనే పాజిటివ్ చూపిస్తుంది. బాగా నీళ్లు తాగితే మూత్రం పలచబడి దొరక్కపోవచ్చు. పొద్దున్న మొదటిసారి వచ్చినది మేలు. వాన్నాళ్లలో మన డెల్టా గాలిలో చెమ్మకి స్ట్రిప్ పాడవుతుంది, కవరు సరిగ్గా పరీక్ష చేసేటప్పుడే చింపండి. స్ట్రిప్ మీద ‘మ్యాక్స్’ అని ఉన్న గీత దాటకుండా 10–15 సెకన్లు ముంచి, 5 నిమిషాలకు చూడండి. 10 నిమిషాలు దాటాక కనిపించేది లెక్కలోకి తీసుకోవద్దు.

ఎప్పుడో ఒకసారి తాగితే సుమారు 3 రోజులు, రోజూ తాగేవాళ్లలో మానేశాక నెల వరకూ పాజిటివ్ రావచ్చు. అలా వస్తే ‘మానేశానని అబద్ధమాడావు’ అని పిల్లాడి మీద పడిపోకండి. అసలు వ్యసనమో కాదో స్ట్రిప్ చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘అసిస్ట్’ ప్రశ్నలతో డాక్టరో కౌన్సెలరో తేలుస్తారు: గంజాయికి 4–26 మార్కులైతే కౌన్సెలింగ్, 27 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుల చికిత్స. దొంగచాటుగా మూత్రం పట్టకండి. నమ్మకం పోతే కుర్రాడు చికిత్సకే రాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ప్రశ్న: మా ఆయన రోజూ మందు తాగుతారు. ఊదే మీటర్ కొని, రేపటి నుంచి పూర్తిగా మాన్పించేద్దామా?
– ఒక సోదరి, నరసాపురం

జవాబు: మీటర్ ఆ పూట తాగారా లేదా అన్నదే చెబుతుంది. తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన మందుకి అంకె అమాంతం పెరుగుతుంది, 15 నిమిషాలు ఆగాలి. కొనేట్టయితే ఫ్యూయల్ సెల్ సెన్సార్ ఉన్నది కొనండి. చవకరకం సెమీకండక్టర్ మీటర్లు వేరే ఆవిర్లకీ మోగుతాయి.

ఇంట్లో ఉన్నపళంగా మాత్రం మాన్పించొద్దు. ఆపిన 6 గంటల్లోపే చేతులు వణకొచ్చు, 48 గంటల్లోపు ఫిట్స్ రావొచ్చు, 2–4 రోజుల మధ్య మతి తప్పొచ్చు. ముందే డాక్టరుకి చూపిస్తే వణుకు తగ్గే మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి మాన్పిస్తారు. గతంలో ఆపినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఆసుపత్రిలో చేర్చే మాన్పించాలి. ఇప్పటికే ఆపేసి, మాట తడబడుతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.