తొట్టి కబుర్లు: సముద్రం వద్దు, ఉప్పుటేరు చాలు

(సమాధానాలు ఇస్తున్నది నెల్లూరు తీరంలోని రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలో 26 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. ఇప్పుడు ఆయన కాలక్షేపమంతా ఇంట్లోని మూడడుగుల అద్దాల తొట్టితోనే.)

ప్రశ్న: కొత్తపట్నంలో ఒడ్డుకు అలివి వల లాగుతుంటే అడిగి ఆరు చిన్న చేపలు బతికినవి తెచ్చుకున్నాను. సముద్రం నీళ్లు కూడా క్యాన్లలో తెచ్చి కొత్త తొట్టి నింపాను. రెండు రోజులు బాగా తిరిగాయి. మూడో రోజు రెండు చచ్చి తేలాయి. మిగతా వాటి తోకలు చిరిగిపోయాయి. వెండి రంగు ఒంటి మీద విల్లులా వంగిన నల్ల గీతలు మూడున్న చేప ఒక్కటే హుషారుగా ఉంది. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి. తప్పెక్కడ జరిగింది సార్?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: దొంగ ఆనవాళ్లు మీరే రాసి నన్నడుగుతున్నారు. ఆ గీతల చేప టెరాపాన్ జాతిది. పక్క చేపల పొలుసులూ రెక్కలూ కొరుక్కు తినడం దాని బుద్ధి. చేత్తో పట్టుకుంటే గురకలాంటి చప్పుడు చేస్తుంది, ఈసారి వినండి. ఒడ్డునే దొరుకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది, ఉప్పు పెరిగినా తగ్గినా లెక్కచేయదు. అందుకే కొత్తగా తొట్టి పెట్టేవాళ్లు చాలామంది దాన్నే ముందు తెచ్చుకుంటారు. దాన్ని ఒంటరిగా ఉంచండి.

కానీ ఆ రెండు చావులూ దాని ఖాతాలో రాయలేను. నీళ్లు అద్దంలా ఉన్నాయన్నారు చూడండి, అక్కడుంది అసలు సంగతి. హేచరీలో మా పెద్దాయన నాకు మొదట నేర్పింది, అద్దంలాంటి నీళ్లను నమ్మొద్దని. చేప మొప్పల నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొంత ఉన్నా చేప ఓర్చుకుంటుంది, ముందు రెండూ విషమే. ఈ బ్యాక్టీరియా ఇసుకనూ ఫిల్టర్ స్పాంజినీ పట్టుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ తొట్టి వయసు మూడు రోజులు! పైగా సముద్రం నీళ్ల పీహెచ్ 8 పైనే ఉంటుంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు వంతు పెరుగుతుంది. మంచినీళ్ల తొట్టిలో చేసిన తప్పు ఒకోసారి చెల్లిపోతుంది గానీ ఉప్పునీళ్లలో చెల్లదు.

ఇప్పుడు చేయాల్సింది, మిగిలిన వాటికి సగం నీళ్లు మార్చి మేత బాగా తగ్గించడం. మళ్లీ మొదలుపెడితే మాత్రం చేపలు లేకుండానే ఫిల్టర్ తిప్పండి. రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. రొయ్యల చెరువులున్న ఊళ్లలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులుంటాయి కదా, వారానికోసారి సీసాలో పట్టుకెళ్లండి. చెరువు ఎక్కడని అడుగుతారు. హాల్లో ఉందని చెప్పండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే చేప.

ఏ చేప అంటారా? అలివి వలలో పడ్డది పొలుసు రాలి సగం ప్రాణంతో వస్తుంది. నా మాట విని ఉప్పుటేటి చేపను తెచ్చుకోండి. పోటొస్తే దానికి సముద్రపు నీళ్లు, పాటు తీస్తే ఏటి నీళ్లు. వానల్లో చప్పబడతాయి, మండువేసవిలో మడుగులు సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. అన్నిటికీ తట్టుకుని బతికిన చేప మన చేతగానితనాన్ని కూడా కొంత ఓర్చుకుంటుంది. నా తొట్టిలో ఉన్నవి దువ్వెన చేప పిల్లలు రెండు, దాని చిన్న చుట్టం ఆరెంజ్ క్రోమైడ్‌లు నాలుగు. ఆ చిన్నది పెద్దదాని ఒంటి మీద పురుగులు ఏరి తింటుంది. దువ్వెన చేపలైతే గుడ్లు పెట్టాక ఆడా మగా ఇద్దరూ కాపలా కాస్తాయట. నా దగ్గర ఇంకా అంత దూరం రాలేదు. దువ్వెన చేప జానెడు దాటి పెరుగుతుంది కాబట్టి రెండుకు మించి పెట్టొద్దు. పాచి ఇష్టం, ఉడికించిన పాలకూర కూడా తింటుంది.

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర. ఇస్కపల్లి కొఠార్ల (ఉప్పు మడుల) ఉప్పు మాకు చవగ్గా దొరుకుతుంది. అదీ సముద్రం ఉప్పే కదా, బోరు నీళ్లలో కలుపుకుంటే సరిపోదా?
– పాఠకురాలు, అల్లూరు మండలం

జవాబు: సరిపోదమ్మా. కొఠారు పక్కనే ఉన్నారు కాబట్టి మీకు చెప్పడం తేలిక. మడిలో నీళ్లు ఎండుతుంటే ముందు జిప్సం అడుగున పేరుకుంటుంది, దాంతో కాల్షియం చాలావరకు పోయింది. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. ఆఖరున మిగిలే చేదు నీళ్లను పారబోస్తారు చూడండి, మెగ్నీషియం చాలావరకు అందులోనే పోతుంది. మనం ఇంటికి తెచ్చుకునేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడ్. కూరకు చాలు. గుల్ల కట్టుకునే జీవానికీ, డొల్ల వదిలి కొత్తది తొడుక్కునే పీతకూ రొయ్యకూ చాలదు.

అసలు నీళ్లే తెచ్చుకోండి. ఏరు కలిసే చోటుకు దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు, మందుల వాసన తగలని క్యాన్లలో పట్టండి. గుడ్డలో వడకట్టి, మూతపెట్టి రెండు వారాలు చీకట్లో ఉంచి, పైతేట మాత్రమే వాడండి. వానలప్పుడు మాత్రం వద్దు. నేనొకసారి కార్తీక మాసంలో కోడూరు వైపు వెళ్లి పది క్యాన్లు తెచ్చాను. పెన్న పొంగి వారమైంది. సముద్రం సముద్రంలాగే కనిపించింది, ఇంటికొచ్చి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చుక్క వేస్తే 22 పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో 22 వంతులు ఉప్పు! నిండు సముద్రమైతే 35 దాకా ఉండాలి. జీవితమంతా సెలినిటీ (నీటి ఉప్పదనం) చూసిన మనిషిని, ఒడ్డున ఒక్క చుక్క వేసి చూసుకోలేదు. ఆటోవాడికి ఇచ్చిన డబ్బులు దండగ.

ఉప్పుటేటి చేపలకు 15 పీపీటీ చాలు. 30 ఉన్న సముద్రపు నీళ్లకు అంతే మంచినీళ్లు కలిపితే లెక్క కుదురుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టికి సుమారు 190 లీటర్లు పడుతుంది, ఇసుక పోను ఇంకా తక్కువే. అంటే మీరు మోసుకురావాల్సింది ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగైదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజంతా గాలి కొట్టించండి. మీ బోరు నీళ్లు ముందు ల్యాబులో చూపించాకే కలపండి.

ప్రశ్న: మైపాడు బీచ్‌లో ఇసుక మీద పరుగెత్తే పీతలను మా అబ్బాయి నాలుగు పట్టాడు. బకెట్ నిండా సముద్రం నీళ్లు పోసి అందులో వేశాం. తెల్లారేసరికి నాలుగూ చచ్చిపోయాయి. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆకలితో పోయాయా?
– పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మునిగి చచ్చిపోయాయమ్మా. వింతగా ఉంది కదా? ఇసుకలో బొరియ తవ్వుకునే ఆ పీతలు మొప్పలను తడిగా ఉంచుకుని గాలి పీల్చుకుంటాయి. తడుపుకోవడానికి నీటి దాకా వెళ్తాయి గానీ నీళ్లలో కాపురం చేయవు. తప్పు వాడిది కాదని చెప్పండి, డిగ్రీ జువాలజీ చదివి కూడా నేను ఇదే పని చేశాను.

వాడికి పీతే కావాలంటే సన్యాసి పీతను తెచ్చివ్వండి. అలల అంచునా, ఉప్పుటేటి బురదలోనూ నత్త గుల్లను మోసుకు తిరిగేది. అది నీళ్లలోనే ఉంటుంది. దాని పేరు పెట్టినవాళ్లెవరో గానీ ఇంటి కోసం అంత కొట్లాడే సన్యాసిని నేను చూడలేదు. పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కావాలి, అందుకని ఖాళీ గుల్లలు నాలుగైదు సైజుల్లో తొట్టిలో వేసి ఉంచండి, లేకపోతే పక్కదాన్ని బయటకు లాగేస్తుంది. రెండు చాలు. రాత్రి లైటు తీసేసి కాసేపు చూడమనండి, గుల్ల మార్చుకోవడం కనిపించిందంటే వాడు టీవీ జోలికి పోడు.

ప్రశ్న: ఒడ్డున దొరికిన తాబేలు పిల్లను పెంచుకోవచ్చా? సముద్రపు గుర్రం ఎక్కడ దొరుకుతుంది?
– పాఠకుడు, కావలి

జవాబు: రెండూ వద్దు. మన తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, సముద్రపు గుర్రాలు, పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుంది. తాబేలు పిల్ల దారి తప్పి మీ దగ్గరుంటే ఉప్పు కలిపిన టబ్బులో వేయకండి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

ప్రశ్న: వేసవిలో తొట్టి నీళ్లు రోజూ తగ్గిపోతున్నాయి. సముద్రం నీళ్లే మళ్లీ పోస్తున్నాను. అంచుల్లో తెల్లగా పేరుకుంటోంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.
– పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: ఆవిరైపోయేది నీళ్లే బాబూ, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. మీరు దాని మీద మళ్లీ ఉప్పునీళ్లు పోసి ఇంట్లోనే కొఠారు పెట్టారు. తగ్గిన మేరకు మంచినీళ్లు పోయండి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. పైకొచ్చి నోళ్లు తెరవడం గాలి చాలకే. నీళ్లు వేడెక్కినా, ఉప్పు పెరిగినా అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, మీ దగ్గర రెండూ జరిగాయి. ఎయిర్ పంపు రెండోది పెట్టండి, ఒకటి బ్యాటరీది కొనండి. మధ్యాహ్నం కరెంటు పోతే చెరువు రైతుకు ఎంత టెన్షనో మీకూ అంతే. ఐసు ముక్కలు వేయొద్దు. మూత తీసి వల కప్పి, నీళ్లకు తగిలేలా ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ రోహిణి కార్తె అంతా తొట్టి దగ్గరే ఉంటుంది. ఈ జవాబులు నేను వసారాలో విసనకర్రతో విసురుకుంటూ రాశాను.