లైట్లు మార్చినా మిణుకుమనడం ఆగలేదా? ముందు న్యూట్రల్ చూడండి

మీరు అడిగింది ఇది: గుంటూరు అరండల్‌పేటలో రెండంతస్తుల బట్టల దుకాణం, త్రీఫేజ్ (మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్) కనెక్షన్, ఫాల్స్ సీలింగ్‌లో నలభై దాకా ఎల్‌ఈడీ ప్యానెల్ లైట్లు. సాయంత్రమైతే కింది అంతస్తులో కొన్ని మిణుకుమంటున్నాయి. ఆరు నెలల్లో తొమ్మిది డ్రైవర్లు (లైటుకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే చిన్న పెట్టెలు) కాలిపోయాయి. రాత్రి స్విచ్చి ఆపాక కూడా మెట్ల దగ్గర రెండు లైట్లు మసకగా వెలుగుతున్నాయి. బ్రాండు మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. ఒకే దుకాణంలో ఆరు నెలల్లో తొమ్మిది పోయాయంటే నేను లైటును అనుమానించను, దానికి అందుతున్న కరెంటును అనుమానిస్తాను. ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు, ఆరు డ్రైవర్ల ఖరీదు పెట్టి కొనుక్కున్నాను.

విజయవాడలో వైరింగ్ పనులు చేయిస్తుంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లు నిలిచినప్పుడు అక్కడి ఒక కిరాణా మార్టులో మెయిన్ ప్యానెల్ మునిగిపోయింది. నీళ్లు తగ్గాక ఎవరో దాన్ని కడిగి, ఆరబెట్టి, ఎంసీబీలన్నీ (లోడు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) కొత్తవి వేశారు. మరుసటి ఎండాకాలం నన్ను పిలిచారు. మీ సమస్యే: లైట్లు మిణుకుమంటాయి, కాలిపోతాయి. నేనూ అందరిలాగే నిచ్చెన వేసుకుని సీలింగ్ ఎక్కాను. ఆరు డ్రైవర్లు మార్చాను. నెల తిరగకుండా మళ్లీ ఫోను. యజమాని పెద్దాయన కోప్పడలేదు కానీ, "మీరు వచ్చిన ప్రతిసారీ లైట్లు కొత్తవే బాబూ, జబ్బు మాత్రం పాతదే" అన్నారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

ఆ రోజు పని చేయకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ల కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ బిల్లింగ్ కౌంటరు మీది లైట్లు మసకబారకుండా ఇంకాస్త ప్రకాశంగా వెలిగాయి. లోడు పెరిగితే వోల్టేజీ తగ్గాలి. మరోచోట పెరిగిందంటే న్యూట్రల్ సరిగా లేదన్నమాట. మల్టీమీటరు పెట్టి చూస్తే ఫ్రీజర్లున్న ఫేజు మీద 196, లైట్లున్న ఫేజు మీద 268 వోల్టులు.

మూడు ఫేజుల నుంచి వచ్చిన కరెంటులో మిగులు తిరిగి వెళ్లే దారి న్యూట్రల్. అది తెగినా, తుప్పుపట్టి సన్నబడినా, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండే 400 చిల్లర వోల్టులను ఆ ఫేజుల మీది సామాన్లు తమలో తామే పంచుకుంటాయి. ఎక్కువ లోడు ఉన్న వైపు వోల్టేజీ పడిపోతుంది, తక్కువ లోడు ఉన్న వైపు ఎగబాకుతుంది. ఎల్‌ఈడీలు తక్కువ కరెంటు తీసుకుంటాయనే కదా పెట్టించుకుంటాం? సరిగ్గా అందుకే, వాటికి విడిగా ఒక ఫేజు ఇచ్చిన దుకాణాల్లో పెరిగిన వోల్టేజీ వాటి నెత్తినే పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మెయిన్ ప్యానెల్ విప్పితే దోషి బయటపడింది. ఎంసీబీలన్నీ మార్చినవారు న్యూట్రల్ తీగలన్నీ కలిపి బిగించే ఇత్తడి పట్టీని, అంటే న్యూట్రల్ లింకును మాత్రం పాతదే ఉంచేశారు. అల్యూమినియం కేబుల్ లగ్గు (తీగ చివర తొడిగే ముక్క) ఆ లింకుకు బిగించిన చోట తెల్లటి పొడి. స్క్రూ తిప్పితే పట్టు లేకుండా తిరిగింది. పైగా అది మూడున్నర కోర్ కేబుల్, అంటే న్యూట్రల్ తీగ ఫేజు తీగలో సగం లావే. పాత కాలపు లోడుకు అది సరిపోయేది. ఎల్‌ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు కరెంటును నిలకడగా కాక ముక్కలుముక్కలుగా లాగుతాయి. అందులోని మూడో హార్మోనిక్, అంటే మామూలు 50 హెర్ట్జ్‌కు మూడింతలైన 150 హెర్ట్జ్ భాగం, మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో రద్దయిపోదు, కూడుకుంటుంది. అందుకే ఇలాంటి దుకాణాల్లో నేను న్యూట్రల్‌ను ఫేజు సైజుకు తక్కువ కాకుండా వేయిస్తున్నాను. లింకు, లగ్గు, కేబుల్ మార్చాక మూడు ఫేజులూ 230కి అటూ ఇటూ రెండు మూడు వోల్టుల్లో నిలిచాయి.

మీ దగ్గరా ఇదే అని ఇంత దూరం నుంచి చెప్పలేను. కానీ చూడవలసిన మొదటి చోటు ఇదే. సాయంత్రం ఏసీలు, లైట్లు అన్నీ నడుస్తున్నప్పుడు మీ ఎలక్ట్రీషియన్ చేత డీబీలో (ఎంసీబీలుండే పెట్టెలో) ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. నియాన్ టెస్టరు ఇక్కడ దారి తప్పిస్తుంది. న్యూట్రల్ తెగిన సర్క్యూట్లో లోడు గుండా ఫేజు వెనక్కి వచ్చి, సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతుంది. అది చూసి "రెండు ఫేజులు వస్తున్నాయి" అని తేల్చేసినవారిని చూశాను. మల్టీమీటరే వాడమనండి.

ఒక హెచ్చరిక. కరెంటు ఉండగా న్యూట్రల్ స్క్రూను ఎవరూ ముట్టుకోకూడదు, బిగించడానికైనా సరే. ఆ ఒక్క క్షణం అది ఊడితే దుకాణంలోని సింగిల్ ఫేజు సామాన్ల మీద 400 దాకా పడవచ్చు. మెయిన్ ఆపి, మల్టీమీటరుతో కరెంటు లేదని తేల్చుకున్నాకే చేయి పెట్టాలి. మెయిన్ స్విచ్చి పైవైపు తీగల్లో అప్పటికీ కరెంటు ఉంటుందని మరవకండి. దోషం కరెంటు బిల్లు మీటరు వైపు ఉంటే సీలు జోలికి పోకుండా లైన్‌మన్‌ను పిలవండి.

మూడు ఫేజులూ సమంగా ఉంటే అప్పుడు సీలింగ్ ఎక్కవచ్చు. మిణుకుమంటున్న లైటు డ్రైవర్‌ను, బాగున్న అదే రకం లైటు డ్రైవర్‌ను ఒకదానికొకటి మార్చండి, సరఫరా ఆపే సుమా. నడుస్తున్న డ్రైవర్‌కు లైటు ప్యానెల్ తగిలిస్తే ఎల్‌ఈడీలు దెబ్బతినవచ్చు. జబ్బు డ్రైవర్‌తో పాటు వెళ్లిపోతే డ్రైవర్‌దే తప్పు. ఉన్నచోటే ఉంటే వైరింగ్‌దో ప్యానెల్‌దో. మిణుకుమనే తీరు కూడా కొంత చెబుతుంది: గడియారంలా లెక్కగా ఆరి వెలుగుతుంటే సాధారణంగా డ్రైవర్ తనను తాను కాపాడుకుంటోందని, లెక్క లేకుండా కొట్టుకుంటుంటే ఎక్కడో లూజు కాంటాక్టు ఉందని. కొత్త డ్రైవర్ కొనేటప్పుడు వాట్లు మాత్రమే చూడకుండా పాతదాని మీద రాసిన మిల్లీఆంపియర్లు చూడండి. 300 ఉన్న చోట 450 వేస్తే మొదట్లో భలే వెలుగుతుంది, తర్వాత ఎల్‌ఈడీ చిప్‌ల మీద నల్లచుక్కలు మొదలవుతాయి.

వేడి గురించి మన ఊళ్లవాళ్లకు చెప్పాలా? పై అంతస్తుకు రేకుల కప్పు ఉంటే మే నెల మధ్యాహ్నం సీలింగ్ పైభాగం పొయ్యి మీది పెనమే. డ్రైవర్ లోపలి కెపాసిటర్ పది డిగ్రీలు వేడెక్కిన కొద్దీ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. డ్రైవర్‌ను సీలింగ్ పైన వేడి ఆపడానికి పరిచే దూది పరుపు కింద దూర్చకుండా గాలి తగిలేలా పెట్టిస్తే చాలు. మీవి కింది అంతస్తులో పోతున్నాయి కాబట్టి ఇది మీ ప్రధాన కారణం కాదనుకుంటున్నాను.

ఇక మెట్ల దగ్గరి రెండు లైట్లు. ఇది వేరే కథ, దీనికి చాలావరకు కంగారు అక్కర్లేదు. ఆ స్విచ్చిలో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉందా? ఉంటే దాని గుండా పారే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఇండికేటర్ లేని స్విచ్చి వేయండి. ఇండికేటర్ లేకపోతే స్విచ్చి ఫేజుకు బదులు న్యూట్రల్‌ను కోస్తూ ఉండవచ్చు. అదైతే తప్పక సరిచేయించండి, ఎందుకంటే స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. రెండూ కాకపోతే కింద ఒకటి పైన ఒకటి స్విచ్చి పెట్టే మెట్ల వైరింగ్‌లో పొడవాటి తీగలు పక్కపక్కన సాగడం వల్ల ఒకదాని నుంచి మరోదానిలోకి వచ్చే కొద్దిపాటి కరెంటు, అంటే ప్రేరణ.

కొలిచిన మూడు వోల్టేజీలు, ఏసీలు ఆపినప్పుడు ఎంత, వేసినప్పుడు ఎంత అన్నది ఇక్కడ రాయండి. మీ మెయిన్ కేబుల్ మూడున్నర కోరా, నాలుగు కోరా అన్నది కూడా చెబితే తర్వాత ఎక్కడ విప్పాలో చెప్పగలను.